కొలతకు తక్కువ

పెళ్ళయిన కొత్తలో అందరూ కొండల మీదికో సముద్రం ఒడ్డుకో వెళతారు. మేం మా అత్తగారి వెనకాల వెళ్ళాం.

హాస్యానికి అనడం లేదు. నిజంగా ఆవిడ ముందు, మేం వెనక. పరాయి దేశంలో ఒక సీజనంతా ఏదైనా సేవ చేయాలని, సెలవు రోజుల్లో ఆ దేశం చుట్టి రావాలని కాలేజీ రోజుల నుంచీ నాకో పిచ్చి. అలా వెళ్ళేవాళ్ళు ఆ కాలాన్ని ఎలా సద్వినియోగం చేసుకోవాలో చెప్పే వ్యాసాలు నేను చదివినన్ని పాఠ్యపుస్తకాలు చదివుంటే యూనివర్సిటీలో బంగారు పతకం వచ్చేది. పెళ్ళిచూపుల్లోనే ఈ మాట మా ఆయనకు చెప్పేశాను. "నువ్వెక్కడికంటే అక్కడికి" అన్నాడు. పెళ్ళికి ముందు మగవాళ్ళంతా అలాగే అంటారని నా స్నేహితురాళ్ళు నవ్వారు. పెళ్ళయ్యాక కూడా అన్నాడు. అదీ నా అదృష్టం.

తీరా దరఖాస్తు పెట్టాక, కాలిన గాయాల ఆసుపత్రి ఒకటి మమ్మల్ని కంప్యూటర్ తెర మీద పలకరించింది. తెర మీద నెరిసిన జుట్టావిడ. మేమిద్దరం ఇస్త్రీ బట్టలేసుకుని, పక్కపక్కనే బుద్ధిగా కూర్చున్నాం.

"మీకేం వచ్చు?" అని మా ఆయన్ని అడిగింది.

"కంప్యూటర్లు."

"మా దగ్గర ఒకటుంది. బాగానే పనిచేస్తోంది. మరి మీకు?"

"నేను పిల్లలతో బాగా ఆడతానండీ" అన్నాను.

"ఆడేవాళ్ళు చాలామంది వస్తారు" అని, మెడ సాచి మా వెనక్కి చూసింది. "ఆ చప్పుడేమిటి? కుట్టుమిషనా?"

వెనక గదిలో అత్తయ్య దిండు గలీబులు కుడుతున్నారు. మామగారు పోయాక స్కూలు యూనిఫాంలు కుట్టి కొడుకుని చదివించిన మనిషి. పెళ్ళి కుదరగానే "ఇక చాలమ్మా, నువ్వు కష్టపడింది చాలు" అని ఈయన కొట్టు మూయించాడు. కొట్టు మూసిన దగ్గర్నుంచి ఇంట్లో కుట్టడానికి ఏం దొరుకుతుందా అని ఆవిడ వెతుక్కుంటూ ఉండేవారు. మా ఇంట్లో దిండ్ల కంటే గలీబులు ఎక్కువైపోయాయి.

అలా ఆసుపత్రి ఎంచుకున్నది అత్తయ్యని. ఆవిడకి ఇంగ్లీషు రాదు కనుక మాట చెప్పడానికి నేను, ఆవిడ సామాను మోయడానికి మా ఆయన. వీసాలు కూడా ఆ వరసలోనే వచ్చాయి.

"కొత్త జంట మధ్యలో నేనెందుకే, పానకంలో పుడకలాగ?" అన్నారు అత్తయ్య, విమానమెక్కే ముందు.

"మీరే పానకం అత్తయ్యా. పుడక ఆయన" అన్నాను.

అది కూడా హాస్యానికి అనలేదు. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. హాస్టళ్ళలో పెరిగాను. నా జడ నేనే వేసుకోవడం, జ్వరమొస్తే నా నుదురు నేనే ముట్టి చూసుకోవడం అలవాటు. పెళ్ళయిన వారానికి ఒకరోజు తలస్నానం చేసి వస్తే, అత్తయ్య తువ్వాలు తీసుకుని ఏ మాటా అనకుండా నా తల తుడవడం మొదలుపెట్టారు. నేను తల వంచి నిలబడ్డాను. అత్త లేని కోడలు ఉత్తమురాలు అని సామెత కట్టినవాళ్ళకి మా అత్తయ్య తెలియదు, పాపం.

*

మాకిచ్చిన ఇల్లు పైకప్పు కింద వంటిల్లూ, రెండు చిన్న గదులూ. మధ్య గోడ అట్టముక్కంత. మా ఆయన తుమ్మితే అవతలి గదిలోంచి "చిరంజీవ" అని వినపడేది. మొదటిరోజే అత్తయ్య గుమ్మంలో నిలబడి, ఎటో చూస్తూ, "ఈ చలికి నాకు చెవులు దిబ్బడేశాయిరా. ఏమీ వినపడట్లేదు" అని ప్రకటించారు. మేమిద్దరం ఎర్రబడిపోయాం. ఆవిడ చెవులు ఎంత చక్కగా పనిచేస్తాయో మాకు తెలుసు. పాలు పొంగబోతుంటే వీధిలోంచి కనిపెట్టగలరు.

ఆ రోజుల్లో నాకు అన్నీ పండగే. నోటిలోంచి పొగ రావడం పండగ. ఒక గొడుగులో ముగ్గురం పట్టడానికి పక్కకి నడవడం పండగ. ట్రాములో అత్తయ్య డ్రైవరుకి రోజూ నమస్కారం పెడితే, నాలుగో రోజుకి అతను కూడా చేతులు జోడించడం పెద్ద పండగ. వ్యాసాల్లో రాసినట్టే, అక్కడి భాషలో రోజుకి కొన్ని మాటలు నేర్చుకుని అత్తయ్యకి అప్పగించేదాన్ని. ఆవిడ "ఆహా" అని విని అక్కడే వదిలేసేవారు. "నువ్వున్నావు కదే, నాకెందుకు?" అనేవారు.

కుట్టుగది ఆసుపత్రి వెనక, మెట్లు దిగితే వచ్చే పొడవాటి గది. రెండు మిషన్లు, కత్తిరించే బల్ల, గోడ నిండా దారపు రీళ్ళు. తెర మీద కనిపించిన నెరిసిన జుట్టావిడే ఆ గదికి అధికారి. కాలిన పిల్లలకి చేతులూ వేళ్ళూ ఆడించే వ్యాయామాలు చేయిస్తుంది, తొడుగులు సరిచూస్తుంది. నవ్వదు, కోప్పడదు. అత్తయ్య ఆవిడకి పెద్దటీచరని పేరు పెట్టారు.

పని ఏమిటంటే: కాలిన గాయం మానినంత మాత్రాన అయిపోదు. మచ్చ ఊరుకోదు. ఉబ్బుతుంది, గట్టిపడుతుంది, కీలు దగ్గర చర్మాన్ని ముడుచుకుపోయేలా లాగుతుంది. దాన్ని అణిచి ఉంచడానికి, సాగే గుడ్డతో ఒంటికి అతుక్కుపోయేలా తొడుగు కుట్టాలి. స్నానానికి తప్ప విప్పకూడదు. ఏడాది, ఏడాదిన్నర, కొందరికి రెండేళ్ళు. గుడ్డ సాగిపోతే కొత్తది. పిల్ల ఎదిగితే కొత్తది.

"కొలత తీసుకోండి. తీసుకున్న కొలతకి తక్కువ కుట్టండి" అంది పెద్దటీచరు మొదటిరోజు.

నేను తెలుగులో చెప్పాను. అత్తయ్య నాకేసి అనుమానంగా చూశారు. "సరిగ్గా విన్నావా? కొలతకి తక్కువ కుడితే ఒంట్లోకి ఎలా దూరుతుంది? నా కొట్లో అలా కుట్టుంటే తల్లులంతా కలిసి నా మిషను వీధిలో పడేసేవాళ్ళు."

"ఏమంటున్నారు?" అంది పెద్దటీచరు.

"సరే అంటున్నారు" అన్నాను.

స్కూలు యూనిఫాం కుట్టేవాళ్ళ ధర్మం వేరు. పిల్ల ఇవాళ ఎంత ఉందని కాదు, వచ్చే ఏడు ఎంతవుతుందని కుట్టాలి. గౌను అంచు లోపలికి జానెడు మడవాలి, పక్క కుట్లలో విప్పుకోవడానికి గుడ్డ వదలాలి. టేపు చుట్టేటప్పుడు కింద రెండు వేళ్ళు దూర్చాలి. ఆ రెండు వేళ్ళ ఖాళీలోనే పిల్ల పరిగెత్తాలి, తినాలి, పెరగాలి. అత్తయ్య చేతులకి ఇరవై ఏళ్ళుగా తెలిసిన సంగతి అదొక్కటే.

"వేళ్ళు" అనేది పెద్దటీచరు, కొలత తీస్తున్న అత్తయ్య చేతి మీద పెన్సిలుతో మెల్లగా తట్టి. అత్తయ్య వేళ్ళు వెనక్కి లాక్కునేవారు. మళ్ళీ పిల్ల చెయ్యి కనిపించగానే ఆ వేళ్ళు వాటంతటవే టేపు కిందికి వెళ్ళిపోయేవి. ఆ భాషలో అత్తయ్యకి వచ్చిన మొదటి మాట 'వేళ్ళు'.

మిగతాదంతా చప్పున పట్టేశారు. కుట్లు లోపలుంటే మచ్చకి ఒరుసుకుంటాయి కనుక బయటికి తిప్పి కుట్టడం, గుడ్డ సాగినా దారం తెగకుండా వంకరకుట్టు వేయడం, వేళ్ళ సందుల్లో చిన్న చిన్న అతుకులు. మా ఆయన మిషన్లకు నూనె వేస్తూ, కొలతలు కంప్యూటర్లోకి ఎక్కిస్తూ తిరిగేవాడు. నేను పిల్లలతో ఆడేదాన్ని. బాగానే ఆడాను. అబద్ధం చెప్పలేదు.

*

ఆ పిల్లకి ఏడేళ్ళు. వాళ్ళ నాన్న బేకరీలో పనిచేసేవాడు. పొయ్యి దగ్గర జరిగిన ప్రమాదంలో పిల్ల కుడిచెయ్యి భుజం దాకా కాలింది. చెయ్యి పొట్టకి ఆనించి, రెక్క ముడుచుకున్న గువ్వలా మూల కుర్చీలో కూర్చునేది. అత్తయ్య గువ్వా అని పిలిచేవారు. అసలు పేరు మా ముగ్గురి నోళ్ళకీ తిరిగేది కాదు.

పాత తొడుగు సాగిపోయిందని అత్తయ్య కొత్తది కుట్టారు. పొద్దున పెద్దటీచరు తొడిగి, అటూ ఇటూ లాగి చూసి, బాగుందని వెళ్ళిపోయింది. మధ్యాహ్నం దాకా పిల్ల ఏడుస్తూనే ఉంది. పెద్ద ఏడుపు కాదు. వెక్కిళ్ళు కూడా అలసిపోయిన ఏడుపు.

"ఏమంటోంది తల్లీ?" అన్నారు అత్తయ్య.

"కరుస్తోందట అత్తయ్యా."

"అయ్యో, నా బంగారు." అత్తయ్య తొడుగు విప్పించి, మోచెయ్యి దగ్గర కుట్టు తీసి, కాస్త జరిపి మళ్ళీ కుట్టారు. కాస్తే. చూస్తే తెలిసేది కాదు. మళ్ళీ తొడిగితే పిల్ల కళ్ళు పెద్దవి చేసి, చెయ్యి కిందా మీదా ఆడించి, మొదటిసారి నవ్వింది. పైన రెండు పళ్ళు లేవు. మేమంతా నవ్వాం. సాయంత్రం వాళ్ళ నాన్న వచ్చి, సంగతి విని, వెనక్కి వెళ్ళి అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టె కాగితంలో చుట్టి తెచ్చాడు. ట్రాములో అది ఒళ్ళో పెట్టుకుని, వేడి చేతులకి తగులుతుంటే, విదేశీ సేవ అంటే ఇదేగదా అనుకున్నాను.

ఆ ఆదివారం పడవెక్కి దీవికి వెళ్ళాం. నేను ముందే వేసుకున్న పథకం. దీపస్తంభం ఎక్కాలి, గాలికి ఎదురుగా నిలబడాలి, ఫొటోలు దిగాలి. అత్తయ్య మా ఇద్దరినీ నిలబెట్టి ఫొటో తీశారు. చూస్తే తలలు లేవు. "బట్టలు బాగా వచ్చాయి కదా" అన్నారు. మా ఆయన నవ్వలేక పొట్ట పట్టుకుని రాయి మీద కూర్చున్నాడు.

తిరుగు పడవలో ఆవిడ నా చేతులు తన శాలువాలోకి లాక్కుని వెచ్చబెట్టారు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఇంటికెళ్ళాక తూర్పు గది అత్తయ్యకి. కిటికీ కింద మిషను. పొద్దున్నే ఇద్దరం కాఫీ తాగాకే ఆయన్ని లేపడం. నాకు కుట్టు నేర్పాలి. అప్పుడప్పుడు ఆయన మీద నాలుగు చాడీలు చెప్పుకోవాలి.

"నాలుగేనా?" అన్నారు అత్తయ్య.

"రోజుకి."

ఆవిడ నవ్వి నా తల తన భుజానికి ఆనించుకున్నారు. పడవ ఊగుతోంది. నాకు నిద్ర పట్టేసింది.

*

నెల దాటాక గువ్వని పరీక్షకి తెచ్చారు. గోడకి పిల్లల కోసం కొక్కేలుంటాయి, ఒకదాని పైన ఒకటి. పెద్దటీచరు టోపీ ఇచ్చి, దాన్ని తగిలించమంది. పిల్ల ఎప్పుడూ తగిలించే కొక్కెం దాకా చెయ్యి వెళ్ళలేదు. మునివేళ్ళ మీద లేచింది. చెయ్యి మోచేతి దగ్గర కొడవలిలా వంగి ఆగిపోయింది. టోపీ కింద పడింది.

పెద్దటీచరు టోపీ తీసి బల్ల మీద పెట్టింది. తొడుగు మోచేతి దగ్గర తన చూపుడువేలు దూర్చింది. వేలు సులువుగా లోపలికి వెళ్ళింది. అలాగే కాసేపు ఉంచింది. తర్వాత తొడుగు విప్పి, ఎర్రగా తాడులా లేచిన మచ్చ మీద బొటనవేలితో మెల్లగా రాసింది.

అత్తయ్య మిషను ఆపేశారు.

పెద్దటీచరు నాతో మాట్లాడింది. గొంతు పెంచలేదు. నేను విన్నాను గాని తెలుగులోకి తేలేకపోయాను.

"ఉన్నదున్నట్టు చెప్పు తల్లీ" అన్నారు అత్తయ్య.

"వదులైందట. మచ్చ పెరిగి కీలుని లాగేసిందట. ఇప్పుడిక కోసి సరిచేయాల్సి వస్తుందేమో అంటున్నారు. ఆ తర్వాత మళ్ళీ మొదటినుంచీ తొడుగులు." ఆగాను.

"ఇంకా ఏదో అంది."

"వచ్చినవాళ్ళంతా మొదట వదులుగానే కుడతారట. పిల్లలు ఏడుస్తుంటే ఎవరి చేతులూ ఊరుకోవట. బిగుతుగా కుట్టడం చేతికి వచ్చేసరికి, వాళ్ళు ఊరెళ్ళే రోజు వచ్చేస్తుందట. మళ్ళీ కొత్తవాళ్ళు. మళ్ళీ మొదటినుంచీ."

పెద్దటీచరు ఎవర్నీ నిందించినట్టు లేదు. వానల గురించి చెప్పినట్టు చెప్పింది. అత్తయ్య తల ఊపి, లేచి, టేపు తీసుకున్నారు. గువ్వ ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి కొలిచారు. టేపు కింద వేళ్ళు లేవు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక ఆవిడ మిగిలిన గుడ్డతో తన చేతికే ఒక తొడుగు కుట్టుకున్నారు. తీసుకున్న కొలతకి బాగా తక్కువ. అది తొడుక్కునే కూరలు తరిగారు, గిన్నెలు తోమారు, పడుకున్నారు. పొద్దున చూస్తే వేళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఏంటమ్మా ఇది? తీసెయ్" అన్నాడు మా ఆయన.

"ఉండనీరా. ఎలా కరుస్తుందో నాకూ తెలియాలిగా."

"నువ్వేం కావాలని చేశావా?"

"కావాలనే చేశాను నాన్నా" అన్నారు అత్తయ్య, కాఫీ వడపోస్తూ. "జాలిపడే చేశాను."

*

మేం తిరిగి వెళ్ళే వారం వచ్చింది. నేను పెట్టెలు సర్దుతున్నాను. మాకంటే అత్తయ్య బట్టలే తక్కువ. శాలువా చేతి సంచిలో పెట్టనా, పెట్టెలో పెట్టనా అని అడిగాను.

"నా పెట్టె సర్దకు తల్లీ" అన్నారు.

నేను నవ్వాను. సరిగా మడత పెట్టనని అలా అంటున్నారనుకున్నాను.

"నేను ఉండిపోతాను. పెద్దటీచరుని అడిగాను. ఉండమంది."

"అడిగారా? ఎలా అడిగారు, భాష రాకుండా?"

"మిషను చూపించాను, నన్ను చూపించుకున్నాను, కుర్చీలో కూర్చున్నాను. ఆవిడకి అర్థమైంది. పై అంతస్తులో పనిచేసే మన తెలుగమ్మాయినొకర్ని పిలిపించి మళ్ళీ అడిగించింది. అదే చెప్పాను."

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయనకి కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. "ఇక్కడ నీకెవరున్నారమ్మా? ఆపరేషను డాక్టర్లు చేస్తారు. తొడుగు వచ్చేవాళ్ళు కుడతారు."

"వచ్చేవాళ్ళు మొదట ఎలా కుడతారు?"

ఆయన గుమ్మానికి చెయ్యి ఆనించాడు.

"ఆ పిల్లకి ఆపరేషనయ్యాక మొదటి తొడుగే ముఖ్యమటరా. అది మళ్ళీ వదులైతే?"

"ఎన్నాళ్ళు?"

"ఏడాదిన్నర అంటున్నారు. పిల్లని బట్టి."

"నిన్ను కుట్టుమిషను ముందునుంచి లేపడానికి నేనెంత..." అని ఆగిపోయాడు.

"తెలుసు నాన్నా. కొడుకువి నువ్వు లేపావు. బాగానే ఉంది. కూర్చోవాలని నాకుంది."

నేను శాలువా పట్టుకుని అలాగే కూర్చున్నాను. నాకు అడగాలని లేదు, నోరే అడిగేసింది. "మరి నేనో?"

"నీకేం తల్లీ. నువ్వు ఎదిగిన పిల్లవి."

"నేనెప్పుడు ఎదిగానత్తయ్యా?"

ఆవిడ నాకేసి చూశారు. చాలాసేపు చూశారు. పొయ్యి మీద ఏమీ లేకపోయినా వంటింట్లోకి వెళ్ళిపోయారు.

తర్వాత మా ఆయన నన్ను బయటికి తీసుకెళ్ళాడు. వీధి చివర దాకా నడిచాం. "నేను చెబితే వినదు" అన్నాడు. "నువ్వు ఏడిస్తే మాత్రం తట్టుకోలేదు. నీ కళ్ళల్లో నీళ్ళు చూస్తే పెట్టె తనే సర్దుకుంటుంది. నాకు మా అమ్మ తెలుసు."

అది నిజమని నాకూ తెలుసు. ఏడవడానికి నేనేమీ నటించక్కర్లేదు కూడా.

మర్నాడు నేనొక్కదాన్నే కుట్టుగదికి వెళ్ళాను. ఏమనాలో ట్రాములో అనుకుంటూ వెళ్ళాను. తూర్పు గది గురించి అంటాను. నా చిన్నప్పటి జ్వరాల గురించి అంటాను. ఇంతవరకు ఎవరికీ చెప్పని మాటలున్నాయి, అవన్నీ అంటాను.

మెట్ల మీదికే ఏడుపు వినపడింది. గువ్వకి కొత్త తొడుగు తొడుగుతున్నారు. ఆపరేషను దాకా మచ్చ ఇంకా ముదరకుండా. వాళ్ళ నాన్న గోడవైపు తిరిగి నిలబడ్డాడు, రెండు చేతులూ చెవులకి కప్పుకుని. అత్తయ్య మోకాళ్ళ మీద కూర్చుని, గుడ్డని కొద్దికొద్దిగా పైకి జరుపుతున్నారు. పిల్ల "కరుస్తోంది, కరుస్తోంది" అని అరుస్తోంది. ఆ మాట అత్తయ్యకి ఇప్పుడు నేను చెప్పక్కర్లేదు. ఎడమచేత్తో అత్తయ్య జుట్టు పట్టుకుని పీకుతోంది. ముడి ఊడిపోయింది. అత్తయ్య చేతులు ఆగలేదు. "అంతే బంగారూ, అంతే తల్లీ, అయిపోయింది" అంటూ తెలుగులో మాట్లాడుతూనే, మోచెయ్యి దాటించి, భుజం దాకా తెచ్చి వదిలారు.

పెద్దటీచరు వచ్చి చూపుడువేలు పెట్టింది. వేలు దూరలేదు.

ఆవిడ వేలు వెనక్కి తీసుకుంది. అత్తయ్య ముందు చేతులు కట్టుకుని ఓ క్షణం నిలబడి, తర్వాతి పిల్ల దగ్గరికి వెళ్ళింది.

గువ్వ అత్తయ్యని ఏదో తిట్టి మూల కుర్చీలోకి పోయి ముఖం దాచుకుంది. అత్తయ్య లేవడానికి బల్ల పట్టుకున్నారు. అప్పుడు నన్ను చూశారు. జుట్టంతా ముఖం మీద పడి ఉంది. ముక్కు ఎర్రగా ఉంది. నేను ఎందుకొచ్చానో ఆవిడకి తెలిసిపోయింది. అది నాకూ తెలిసింది. నేనేమంటానా అని అలాగే నిలబడ్డారు. అనమని అడుగుతున్నట్టు కూడా ఉంది. వద్దంటున్నట్టు కూడా ఉంది.

"అత్తయ్యా" అన్నాను. "ఈ చలికి ఆ మేజోళ్ళు చాలవు మీకు. సాయంత్రం వెళ్ళి ఉన్నివి రెండు జతలు కొందాం."

అత్తయ్య తల ఊపారు. చాలాసార్లు ఊపారు.

*

విమానాశ్రయం దాకా నవ్వుతూనే ఉన్నాను. ట్రాములో డ్రైవరుకి ముగ్గురం ఒకేసారి నమస్కారం పెట్టాం. "మీరు లేకుండా ఈయన చాడీలు నేనెవరికి చెప్పుకోవాలి? ఉత్తరాలు రాయాలా ఏంటి?" అన్నాను. "రాయి, చదివి వాడికే పంపుతాను" అన్నారు. మా ఆయన మాత్రం నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని, లోపలికి వెళ్ళేదాకా వదల్లేదు. అద్దాల తలుపుల దగ్గర వెనక్కి తిరిగి చేతులు రెండూ పైకెత్తి ఊపాను. విమానంలో కిటికీ సీటు నాకొచ్చింది. నాకు చాలా ఇష్టం కిటికీ సీటు. తలుపు మూశాక ఏడ్చాను. దిగేదాకా ఏడ్చాను. నీళ్ళు తెచ్చిన అమ్మాయి భయపడి మా ఆయన్ని అనుమానంగా చూసింది. "నేనేం చేయలేదండీ" అన్నాడు పాపం.

ఇల్లు బావుంది. నిజంగా బావుంది. వెలుతురు బాగా వస్తుంది. కాఫీ నేనే కలుపుతాను, ముందు ఆయన్నే లేపుతాను. రోజులు గడిచేకొద్దీ ఆనందాలు వాటంతటవే వస్తాయి. పాలవాడు నన్ను మొదటిసారి "అమ్మగారూ" అన్నరోజు ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వాక ఒక్కోసారి తూర్పు గది వైపు చూస్తాను, చెప్పాలని.

ఆపరేషను బాగా జరిగింది. మొన్న ఆదివారం ఫోనులో అత్తయ్య కనిపించారు. ఫోను దేనికో ఆనించి పెట్టి, చేతులతో పని చేసుకుంటూ మాట్లాడుతున్నారు. కాస్త చిక్కారు. ముఖంలో ఏదో తేటదనం ఉంది.

"చెయ్యి చక్కగా చాపుతోందిరా. పై కొక్కెం అందుకుంటోంది. నాకు వాళ్ళ మాటలు కూడా వస్తున్నాయి. నిన్న బజారులో బేరమాడాను."

"మరి ఎప్పుడొస్తావమ్మా?" అన్నాడు మా ఆయన.

"ఎదిగే పిల్ల కదరా. ఈ మధ్యనే కుట్టింది అప్పుడే పొట్టైపోయింది. మళ్ళీ కొలత తీయాలి." ఆవిడ నావైపు తిరిగారు. "చూడాలి తల్లీ ఎంత ఎదిగిందో."

"మంచిదే కదా అత్తయ్యా" అన్నాను. మంచిదే. ఆ పిల్ల ఎదగాలి. తాటిచెట్టంత ఎదగాలి.

అప్పుడు వెనకనుంచి ఒక గొంతు వినపడింది. "అత్తయ్యా!"

తెలుగులోనే. చివర కొంచెం సాగదీసి, గారంగా, అచ్చం నేను పిలిచినట్టే. మరి ఆ గదిలో ఆవిడని అలా పిలవగా ఆ పిల్ల విన్నది నన్నొక్కదాన్నే కదా. ఆవిడ పేరే అదనుకుని ఉంటుంది.

నా నోరు సగం తెరుచుకుంది. ఆ పిలుపు నా నోట్లోంచే వచ్చిందేమో అనిపించింది ఒక్క క్షణం.

అత్తయ్య అప్పటికే తల తిప్పేశారు. "వస్తున్నా తల్లీ" అంటూ లేచి పక్కకి వెళ్ళారు. తెర మీద ఖాళీ కుర్చీ మిగిలింది. అవతల ఎక్కడో నవ్వులు, ఏదో కింద పడిన చప్పుడు, మళ్ళీ నవ్వులు.

కాసేపు చూసి, మా ఆయన ఫోను కట్టేయబోయాడు.

"ఉండనీ" అన్నాను. "వస్తారేమో."